ప్రసూతి గదిలో గడియారం

వైశేషిక దర్శనంలో కాలం ఒక్కటే, నిత్యం, సర్వవ్యాపి. క్షణం, గడియ, రోజు అన్న విభాగాలు సూర్యగతి వంటి ఉపాధుల వల్ల, అంటే దాన్ని విభజించి చూపే నిమిత్తాల వల్ల, తోచేవి. చేతి గడియారమూ ఒక ఉపాధే. అది తప్పు సమయం చూపితే దోషం దానిదే గాని కాలానిది కాదు.

ఆసుపత్రిలో ఆ దోషం అయస్కాంతం వల్ల రావచ్చు. కీ గడియారంలోని హెయిర్‌స్ప్రింగు చుట్లు అయస్కాంతత్వం పట్టి ఒకదానికొకటి అంటుకుంటే ముళ్లు పరుగెడతాయి. ఐఎస్‌ఓ 764 ప్రమాణం మీటరుకు 4,800 ఆంపియర్ల క్షేత్రాన్ని, అంటే సుమారు 60 గాస్‌లను, తట్టుకోమంటుంది. 1950ల నాటి రోలెక్స్ మిల్‌గాస్ 1,000 గాస్‌ల వరకు తట్టుకునేది. 1.5 టెస్లా ఎంఆర్‌ఐ బలం 15,000 గాస్‌లు. పైగా గడియారాన్ని కాపాడే మెత్తని ఇనుప కవచాన్నే ఆ యంత్రం లాగుతుంది. అలాంటి గడియారాన్ని ఎంఆర్‌ఐ గదిలోకి తీసుకుపోవడం రోగిపట్ల అధర్మం.

ప్రసూతి గదిలో గడియారం తప్పితే జాతకమూ తప్పుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో సిర్గిట్టి పక్కనున్న బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. అక్కడ బిడ్డ జాతకానికి ప్రసూతి గదిలో రాసిన సమయమే ఆధారం. భారత ప్రామాణిక కాలపు 82.5 డిగ్రీల రేఖాంశానికి ఊరు చేరువ కనుక స్థానిక కాలంతో తేడా రెండు నిమిషాలలోపే. లగ్నం సుమారు రెండు గంటలకు, అందులో తొమ్మిదో వంతైన నవాంశ సుమారు 13 నిమిషాలకు మారతాయి. రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పోయే గడియారం వారంలోనే నవాంశను తప్పిస్తుంది.

జ్యోతిషాన్ని నమ్మని నర్సుకూ సమయాన్ని సరిగ్గా రాసే బాధ్యత తప్పదు. ఆమె రాత ఆ కుటుంబానికి శబ్దప్రమాణం, అంటే ఆప్తుల మాట. న్యాయ దర్శనం ప్రకారం ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకుని, తెలిసినట్టే చెప్పేవారు ఆప్తులు. నిజాయితీ ఒక్కటే చాలదు. పనిముట్టు సరిగ్గా ఉండటం ఆ తెలుసుకోవడంలో భాగమే. అయస్కాంతాన్ని తట్టుకునే గడియారమైనా రోజూ ప్రామాణిక కాలంతో సరిచూడాలి.