సముద్రం దాటితే ఏం పోతుంది?



సముద్రం దాటితే ధర్మం పోతుందని మన పెద్దలు నమ్మిన రోజులవి. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన స్వామి వివేకానంద, ఆ జూలైలో ఓడ దిగినది ఈ కెనడా గడ్డమీదే, వాంకూవర్‌లో. ఆయన ధర్మం ఏమీ పోలేదు. పాశ్చాత్యులు కలిసికట్టుగా పనిచేసే తీరును మెచ్చుకున్నారు. తిరిగివెళ్ళాక 1897లో రామకృష్ణ మిషన్ స్థాపించారు.

మేము వైద్యులుగా ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఆసుపత్రికి ఒంటరిగా వచ్చే ముసలమ్మలను చూసి "వీళ్ళ పిల్లలకు తల్లంటే లక్ష్యం లేదు" అనుకునేవాళ్ళం. ఒక చలికాలం ఒక పెద్దావిడ, తనను కారులో తెచ్చిందీ, తన వాకిట మంచు తీసేదీ పక్కింటివారేనని చెప్పింది. "మరి మీ అమ్మను ఎవరు చూసుకుంటారు డాక్టర్?" అని అడిగింది. గుంటూరులో మా అమ్మ ఒక్కతే ఉంది. మాకు నోట మాట రాలేదు.

సముద్రం దాటితే పోవలసింది ఆ అహంకారమే. ఈ నవరాత్రులలో హారతికి ముందు ఊళ్ళోని అమ్మతో తీరికగా మాట్లాడదాం. పక్కింట ఒంటరిగా ఉన్న పెద్దల తలుపు తడదాం. రెండూ అమ్మవారి పూజలే.