పొగ లేని నిప్పు

నేను తర్కం చదువుకున్నవాణ్ణి, చాలా ఏళ్లు ఓరియంటల్ కళాశాలలో చెప్పినవాణ్ణి. అన్నంభట్టు తర్కసంగ్రహం తెరిస్తే అనుమాన ప్రమాణం దగ్గర, అంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకునే చోట, కొండ, పొగ, నిప్పు తప్పవు. ఈమధ్య ఆ పాఠం మా మేనకోడలి ఫోను చూశాక మళ్లీ పనికొచ్చింది.

ఆ పిల్ల ఏఎన్‌ఎం. ఇంటింటికీ తిరిగి పిల్లల్లో టీబీ ఆనవాళ్లను ఫోనులో నింపుతుంది. రెండు వారాలకు మించి దగ్గుందా? జ్వరం వస్తోందా? బరువు పెరగడం లేదా? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?

"దగ్గు లేకపోతే జబ్బు లేనట్టే కదమ్మా?" అన్నాను.

"పసిపిల్లల దగ్గర ఆ లెక్క కుదరదు మావయ్యా" అంది.

చిన్నపిల్లలు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారు. పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోంచి తీయాలి. ఈమధ్య మలం కూడా పరీక్షిస్తున్నారు. ఇంతా చేస్తే, క్రిములు తక్కువ కనుక దొరక్కపోవచ్చు. 1882లో శాస్త్రవేత్త కాక్ లోకానికి చూపించిన క్రిమి పసివాళ్ల దగ్గర చాలాసార్లు ప్రత్యక్షానికి అందదు. ఎక్స్‌రే చదివే కంప్యూటర్లను సైతం 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదిహేనేళ్లు నిండినవాళ్లకే సిఫారసు చేసింది.

పొగ ఉన్నచోట నిప్పుంటుంది. నిప్పున్నచోటల్లా పొగ ఉండాలని లేదంటూ మా నైయాయికులు ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపిస్తారు. పొగ లేవాలంటే తడికట్టె కావాలి. టీబీ పట్టిన పసిబిడ్డ ఒక్కోసారి ఆ ఇనుపగుండే.

ఇక మిగిలేది శబ్ద ప్రమాణం, అంటే తల్లి మాట. ఆప్తులు చెబితేనే మాట ప్రమాణం. ఉన్నదున్నట్టు చెప్పేవారే ఆప్తులు. "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అంటుంది తల్లి. లోపల అత్తగారు టీబీ మాత్రలు మింగుతుంటుంది. ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నారు మరి! ఫోను 'లేదు' అని రాసుకుంటుంది. గొంతు తడబడటం దానికి వినబడదు. మా పిల్లకు వినబడుతుంది. అరుగు మీద కూర్చుని మంచినీళ్లడుగుతుంది. ఆ ఇంటి గ్లాసుతో తాగాక అదే ప్రశ్న మళ్లీ వేస్తుంది. ఈసారి జవాబు మారడం కద్దు.

ఆ తల్లిని తప్పుపట్టలేను. నిజం తెలిస్తే సంబంధం వదులుకునే మనమే ఆమెచేత అబద్ధమాడించాం. మాట ప్రమాణం కావాలంటే చెప్పేవాళ్ల నిజాయితీ ఒక్కటే చాలదు, వినేవాళ్లు శిక్షించకుండా ఉండాలి. ఈ ముక్క నేను చదివిన గ్రంథాల్లో ఎక్కడా తగల్లేదు.

బిడ్డకు జబ్బు చేస్తే "వాడి ప్రారబ్ధం" అనే పెద్దలు మా వీధిలోనూ ఉన్నారు. తెలియని కారణానికి ఆ పేరు పెడితే ఒప్పుకుంటాను. కారణం పక్కగదిలో దగ్గుతుంటే ఒప్పుకోను.

ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే, అయిదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని తేల్చుకున్నాక, అది రాకుండా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందిస్తారు. బిడ్డ దగ్గేదాకా ఆగకండి. ఫోను పట్టుకొచ్చిన మనిషికి, అడక్కముందే చెప్పండి.