కనబడింది అనే మాట

మా పెళ్లి మిట్టమధ్యాహ్నం జరిగింది. అప్పటికి మేము ధమ్మంలోకి రాలేదు. పెళ్లి చేయించిన అయ్యగారు మమ్మల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, ఎండలోకి వేలు చూపించి, "అరుంధతీ నక్షత్రం కనబడింది కదా?" అన్నారు. కనబడిందన్నాం. ఈ పత్రిక చదివేవాళ్లలోనూ ఆ మాట అన్నవాళ్లు చాలామంది ఉంటారు. నవ్వుకుని వదిలేసే అబద్ధం అది. మేమూ ఏళ్ల తరబడి వదిలేశాం. మొన్న వైశాఖ పౌర్ణమి రాత్రి ఖిదిర్‌పూర్‌లో అది మళ్లీ ఎదురొచ్చింది.

ఆ సాయంత్రం కాల్‌బైశాఖి గాలివాన వచ్చిపోయి, పల్చటి మబ్బు మిగిలింది. వందన అయ్యాక బస్తీ పిల్లల్ని మేడమీదికి తీసుకెళ్లాం. మా దగ్గరున్నది 60 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు. పైన నిండు చంద్రుడు, కింద రేవు దీపాలు, మధ్యలో మబ్బు. అలాంటప్పుడు గెలాక్సీల కోసం వెతకడం దండగ. జంట నక్షత్రాలు మాత్రం చూడొచ్చు. పల్చటి మబ్బు చుక్కల వెలుగు తగ్గిస్తుంది గానీ వాటి మధ్య ఎడం తగ్గించదు. గాలి నిలకడగా ఉంటే ఇంకా మంచిది, చుక్క వణకదు.

సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, అంటే మిజార్. పక్కనే మసగ్గా ఉండేది అరుంధతి, ఆల్కార్. (మాదిగలు తమను అరుంధతీయులని చెప్పుకున్నది ఈమె పేరుతోనే. ఆమెను చూపించనిదే పెళ్లి కాదంటారు. ఆమె పేరు పెట్టుకున్నవాళ్లను మాత్రం పందిరి దరికి రానివ్వలేదు.) 40 రెట్లు పెద్దది చేసి చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు. వాటి మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు, చంద్రబింబం వెడల్పులో సుమారు నూట ముప్పయ్యో వంతు.

పిల్లలు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరినీ "రెండున్నాయి కదూ?" అని అడిగాం. "రెండున్నాయి బాబాయ్" అన్నారు ముగ్గురు. నాలుగో పాప చాలాసేపు చూసి, "నాకు ఒక్కటే కనబడుతోంది" అంది. మిగతావాళ్లు నవ్వారు. సరిగ్గా చూడమ్మా అన్నాం. మళ్లీ చూసి, ఒక్కటే అంది.

మేము కన్ను పెట్టి చూశాం. మా టెలిస్కోపుకు మోటారు లేదు. భూమి తిరుగుతుంటే చుక్కలు పడమటికి జరిగిపోతాయి. వశిష్ఠుడు ముందే దాటిపోయాడు. వెనకున్న అరుంధతి ఒక్కతే మిగిలింది. పాప చూసింది ఆమెనే! ముందరి ముగ్గురిలో ఎవరికి నిజంగా రెండు కనబడ్డాయో, ఎవరు మా కోసం అన్నారో ఇక తేలదు. పిల్లల తప్పేం లేదు. జవాబు మేమే నోటికి అందించాం.

మేము చదివింది న్యాయశాస్త్రం. సొంత సాక్షిని అలా అడగకూడదని తెలిసినవాళ్లమే. చూసిన సంగతి అయితే, చూశానన్న మనిషే వచ్చి చెప్పాలని 2024 దాకా అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 60వ సెక్షన్ అనేది. కొన్నేళ్ల కిందట ఒక బస్తీలో గుడిసెలు కూలగొట్టారు. ఒకావిడ "గొంతు విన్నాను, మనిషిని చూడలేదు" అంది. "అతనే కదా అక్కా?" అన్నాం. రెండుసార్లు అడిగాక, మా మాట కాదనలేక అవునంది. అఫిడవిట్‌లో చూశానని రాయించాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది నిలబడలేదు. ఆమె నిజంగా చూసినవి, పగిలిన కుండలు, వానలో తడిసిన పిల్లలు, అవీ ఎవరూ నమ్మలేదు. కేసు పోయింది. నాలుగో శీలం రోజూ చెప్పుకునేవాళ్లం మేము. అబద్ధం ఆడింది ఆమె నోరే అయినా, ఆడించింది మేము. మన పక్షం న్యాయమైనదే కాబట్టి ఫరవాలేదని అప్పుడు అనుకున్నాం. న్యాయం మన వైపున్నప్పుడే ఈ పని మరీ తేలిగ్గా చేస్తాం.

పొరబడడం వేరు. మద్రాసు వేధశాల అధికారి కెప్టెన్ జాకబ్ 1855లో 70 ఓఫియుకి అనే జంట నక్షత్రాన్ని కొలిచి, లెక్క కుదరకపోవడానికి అక్కడ కనబడని గ్రహం ఉండొచ్చన్నాడు. తర్వాతివాళ్ల లెక్కల్లో అది నిలవలేదు. కానీ ఆయన తన కొలతలు అందరి ముందూ పెట్టాడు. అందుకే ఇతరులు సరిచూడగలిగారు. మేము ఆ అక్క మాటను దిద్దేసి, అసలు మాట కనబడకుండా చేశాం.

ఆ రాత్రి టెలిస్కోపు మళ్లీ వశిష్ఠుడి మీదికి తిప్పి, పిల్లల్ని మొదటి నుంచి నిలబెట్టాం. ఈసారి "ఏం కనబడుతోంది?" అని మాత్రమే అడిగాం. ఈలోగా మబ్బు చిక్కబడింది.

"తెల్లగా ఉంది బాబాయ్, అంతే" అన్నాడు మొదటివాడు.