దెబ్బల లెక్కలో కరుణ దొరకదు



పోయిన నెల ఒక ఆదివారం మా బస్తీ విహారంలో వందన అయిపోయింది. చాపలు మడుస్తూ ఒక తమ్ముడు నన్నొక ప్రశ్న అడిగాడు. డిగ్రీ చదువుతున్న పిల్లవాడు. "అన్నా, ఇంగ్లండులో గుర్రప్పందెంలో కొరడాతో ఎక్కువసార్లు కొట్టిన జాకీని సస్పెండ్ చేస్తారంట. ఆరు దెబ్బల దాకా ఫర్వాలేదంట, ఏడోది కొడితే తప్పంట. మరి మన పంచశీల ప్రకారం ఆ ఆరు దెబ్బల సంగతేంది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. "వచ్చే వారం మాట్లాడుకుందాం తమ్ముడూ" అన్నాను. వారమంతా చదివి, ఆలోచించి, తర్వాతి ఆదివారం చెప్పిన మాటలే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. ఇది గుర్రాల కథే. కానీ చివరిదాకా చదవండి, మన కథ కూడా ఇందులో ఉంది.

ముందు జరిగిందేమిటో తెలుసుకుందాం.

బ్రిటన్‌లో గుర్రప్పందాలకు నిబంధనలు పెట్టేది బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ. పందెం జరుగుతున్నంతసేపూ స్టీవార్డులు అనే అధికారులు జాకీలను కనిపెట్టి ఉంటారు. వీడియో తిప్పి తిప్పి చూసి దెబ్బలు లెక్కపెడతారు. 2011 ఏప్రిల్ 9న లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో గ్రాండ్ నేషనల్ అనే పెద్ద పందెం జరిగింది. ఏడు కిలోమీటర్ల దూరం, దారి పొడుగునా దూకాల్సిన కంచెలు. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది. బల్లబ్రిగ్స్ అనే గుర్రం గెలిచింది. గీత దాటగానే జాకీలను దిగిపొమ్మని, గుర్రాల మీద నీళ్ళు పోశారు. అదే పందెంలో రెండు గుర్రాలు చచ్చిపోయాయి. గెలిచిన జాకీ జేసన్ మాగ్వైర్‌కు కొరడా ఎక్కువ వాడినందుకు అయిదు రోజుల నిషేధం పడింది. గెలుపు మాత్రం చెక్కుచెదరలేదు. కప్పు ఎక్కడికీ పోలేదు.

ఆ ఏడాది అక్టోబరులో నిబంధనలు గట్టి చేశారు. చదును నేల మీది పందెంలో 7 దెబ్బలు, కంచెలు దూకే పందెంలో 8. చివరి ఫర్లాంగులో 5కు మించకూడదు. ఆ నెల 15న ఆస్కాట్‌లో ఛాంపియన్ స్టేక్స్ గెలిచిన క్రిస్టోఫ్ సుమియోన్ అనే జాకీ ఆ చివరి ఫర్లాంగులో ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టాడు. అయిదు రోజుల నిషేధంతోపాటు, యాభై వేల పౌండ్లు దాటిన తన వాటా ఇవ్వబోమన్నారు. జాకీలు గొడవ చేశారు. వారం తిరక్కముందే ఆ చివరి ఫర్లాంగు లెక్కను తీసేశారు. మళ్ళీ 2023లో లెక్క మారింది. చదును పందెంలో 6, కంచెల పందెంలో 7. పరిమితి మీద ఇంకో నాలుగు కొడితే గుర్రం గెలుపే రద్దు.

ఇంకా నియమాలున్నాయి. కొరడాకు మెత్తటి పొర ఉండాలి. చెయ్యి భుజం దాటి పైకి లేపి కొట్టకూడదు. గెలిచే ఆశ లేని గుర్రాన్ని కొట్టకూడదు, గెలుపు ఖాయమైన గుర్రాన్నీ కొట్టకూడదు.

ఈ నియమాలు చెడ్డవని నేననను. ఒక్క దెబ్బ తగ్గినా గుర్రానికి ఆ మేరకు మేలే. నియమం లేనిచోట బలవంతుడి చెయ్యే నియమం. ఈ మాట మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి మన వాళ్ళు ఎంత నెత్తురు ధారపోశారో మనకు తెలుసు. చట్టం కావాలి, శిక్ష కావాలి.

కానీ ఒక్క నిమిషం ఆగి ఆ అంకెలను చూడండి. 2022లో చదును పందెంలో ఏడో దెబ్బ ఆటలో భాగం. 2023లో అదే ఏడో దెబ్బ తప్పు. మారింది కాగితం. గుర్రం ఒళ్ళు అదే ఒళ్ళు. 2020లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్రం పిరుదుల చర్మాన్ని, మనిషి చర్మాన్ని పక్కపక్కన పెట్టి సూక్ష్మదర్శినిలో చూశారు. నొప్పిని పట్టుకునే నరాల కొసలు పైపొరలో ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. "గుర్రం తోలు మందం, దానికేం తెలుస్తుంది" అనే మాట నిలబడలేదు.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "వాళ్ళకు అలవాటే, వాళ్ళ ఒళ్ళు మొద్దుబారింది" అని మన తాతల గురించి అన్నారు.

మా తాత ఒక దొర దగ్గర జీతమున్నాడు. ఎడ్లను తోలే చర్నాకోలే ఒక్కోసారి ఆయన వీపు మీద కూడా పడేది. చిన్నప్పుడు నేను ఆ వీపు రుద్దేవాణ్ణి. చెయ్యికి గీతలు తగిలేవి. ఇంకో మాట చెప్తాను వినండి. మా ఊళ్ళో ఆ దొరకు మంచోడని పేరు! పక్క ఊరి దొర చెట్టుకు కట్టేసి కొట్టేవాడంట. మా దొర రెండు దెబ్బలేసి వదిలేసేవాడంట. అందుకని దయగలవాడయ్యాడు. మా తాత కూడా ఆ మాటే అనేవాడు. "రెండే కొట్టేటోడు బిడ్డా" అని. లెక్క చేసే పని ఇదే. కొట్టడం తప్పా కాదా అన్న ప్రశ్న మాయమై, ఎన్ని కొట్టాడన్న ప్రశ్నే మిగులుతుంది.

బాబాసాహెబ్ ఇక్కడే మనకు దారి చూపించారు. 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఆయన నియమానికీ సూత్రానికీ తేడా విడదీసి చెప్పారు. నియమం చెప్పినంత చేయిస్తుంది, ఆలోచించమనదు. సూత్రం మాత్రం నిన్నే నిలబెట్టి, నువ్వేం చేస్తున్నావో తెలుసుకుని చెయ్యమంటుంది. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసను కూడా ఆయన ఇట్లాగే వివరించారు. అహింస ఒక సూత్రం, దాన్ని గుడ్డి నియమంగా మార్చొద్దన్నారు. అవసరానికి చంపడం వేరు, చంపాలన్న కోరికతో చంపడం వేరు అన్నారు.

మనలో చాలామందిమి మాంసం తింటాం. "మరి మనకు గుర్రం గురించి మాట్లాడే హక్కుందా?" అని కొందరు అడుగుతారు. ఉంది. పైన చెప్పిన తేడాతోనే అడగండి. పందెంలో కొరడా ఏ అవసరం తీరుస్తోంది? ఎవరి ఆకలి తీరుస్తోంది? నార్వేలో 1982లోనే జోరు పెంచడానికి గుర్రాన్ని కొట్టడం నిషేధించారు. అక్కడ పందాలు ఆగిపోలేదు. బ్రిటన్‌లోనే కొత్త జాకీల కోసం కొరడా దెబ్బ లేకుండా నడిపే పందాలున్నాయి. పరిశోధకులు వాటిని మామూలు పందాలతో పోల్చి చూస్తే పరుగు సమయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే అది అవసరం కాదు, అలవాటు. అలవాటుకు ఆరు అని పరిమితి పెట్టారు, అంతే.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, అది కోపంతో వస్తుంది. "అన్నా, మనిషికే దిక్కులేదు, గుర్రాల గోల మనకెందుకు?" ఆ కోపం న్యాయమైనదే. ఆవు మీద ప్రేమ ఒలకబోసి, మన మీద కర్ర ఎత్తినవాళ్ళను మనం చూశాం. వాళ్ళది కరుణ కాదు. ఒక ప్రాణిని పూజించి ఇంకో ప్రాణిని తన్నేది కరుణ ఎట్లా అవుతుంది? కానీ వాళ్ళ కరుణ దొంగదని మన కరుణను మనం వదులుకుంటామా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 13వది సకల ప్రాణుల పట్ల దయ చూపి వాటిని కాపాడమనేదే. మన రాజ్యాంగంలో 1976 సవరణతో చేరిన 51ఎ(జి) కూడా ప్రాణుల పట్ల కరుణను ప్రతి పౌరుడి విధి అంటోంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది కూడా ఆ 1976లోనే. మా తాత వీపుకూ గుర్రం వీపుకూ పోటీ పెట్టాల్సిన పని లేదు. కొరడా ఒకటే.

మరి జాకీని ఏం చెయ్యాలి? శిక్ష వద్దా?

దీనికి తథాగతుడి దగ్గరే జవాబుంది. అంగుత్తర నికాయంలో కేశి అనే గుర్రాల శిక్షకుడి కథ ఉంది. గుర్రాలను ఎట్లా లొంగదీస్తావని బుద్ధుడు అతన్ని అడిగాడు. కొన్నిటిని మెత్తగా, కొన్నిటిని కటువుగా, కొన్నిటిని రెండు విధాలా అన్నాడు కేశి. ఎట్లా చెప్పినా లొంగకపోతే? చంపేస్తానన్నాడు, తన గురువుల పేరు చెడకుండా. తర్వాత కేశి అదే ప్రశ్న బుద్ధుడికి వేశాడు. బుద్ధుడూ అదే వరుసలో చెప్పాడు. మంచి నడత, దాని ఫలితం వివరించడం మెత్తని పద్ధతి. చెడు నడత, దాని ఫలితం చూపించడం కటువైన పద్ధతి. ఎట్లా చెప్పినా లొంగనివాణ్ణి చంపేస్తానన్నాడు. కేశి బిత్తరపోయాడు. తథాగతుడు ప్రాణం తీయడమేమిటి? అప్పుడు బుద్ధుడు విప్పి చెప్పాడు. ఇక అతనికి చెప్పి లాభం లేదని మాట మానెయ్యడమే, ధమ్మంలో చంపడం అంటే.

చూశారా, అంత కటువులోనూ బుద్ధుడి చేతిలో కొరడా లేదు. ఆయన దగ్గర ఉన్నది మాట. మనం రోజూ పంచశీల చెప్పేటప్పుడు 'సిక్ఖాపదం' అంటున్నాం గదా. ఆ సిక్ఖ అంటే నేర్చుకోవడం. తెలుగులో మనం శిక్ష అంటే దండన అనుకుంటున్నాం. ధమ్మంలో శిక్ష అంటే శిక్షణ. అయిదు రోజులు ఇంట్లో కూర్చున్న జాకీ ఆరో రోజు వచ్చి లెక్క తప్పకుండా ఆరే కొడతాడు. అతను నేర్చుకున్నది లెక్క.

పైగా అన్నీ జాకీ నెత్తిన పెట్టడమూ న్యాయం కాదు. అతనూ కూలికి ఎక్కినవాడే. బహుమతిలో పెద్ద వాటా యజమానిది. గెలవకపోతే రేపు ఇంకో జాకీని ఎక్కిస్తారు. అతని వీపు మీద కనిపించని కొరడా ఒకటి ఆడుతూనే ఉంటుంది. గెలుపే రద్దు చేస్తామన్న 2023 నియమంలో నాకు నచ్చింది ఇదే. దెబ్బ వల్ల లాభం పొందిన యజమానికి కూడా ఇప్పుడు నష్టం తగులుతుంది. ప్రాణం తీయడం గురించి బుద్ధుడు నాలుగు చెప్పాడు. తాను చేయడం, ఇంకొకరి చేత చేయించడం, చేస్తే సరేననడం, చేసినవాణ్ణి పొగడడం. కొరడా లెక్క కూడా ఇట్లాగే చూడాలి. స్టీవార్డు మొదటిదాన్నే లెక్కపెట్టగలడు. మిగతా మూడూ ఎవరికి వాళ్ళమే లెక్కపెట్టుకోవాలి.

మన హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సు నిజాం కాలం నుంచీ ఉంది. అక్కడ పందెం కాసే తమ్ముళ్ళు మన బస్తీల్లోనూ ఉన్నారు. గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటే అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఒప్పుకుంటుంది. కానీ 'సిగాల సుత్త'లో బుద్ధుడు డబ్బును నీళ్ళలా పోయించే దారుల్లో జూదాన్ని కూడా చెప్పాడు. కూలి డబ్బు గుర్రం మీద పెట్టి "కొట్టు, కొట్టు" అని అరిచినప్పుడు ఆ కొరడా పిడి మీద నీ వేళ్ళు కూడా ఉంటాయి తమ్ముడూ. ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయితే ఆ దెబ్బ నీ బిడ్డ కడుపు మీద కూడా పడ్డట్టే.

చివరిగా ఒక మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా మీకు చెప్పే అర్హత నాకు లేదు.

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి పదో తరగతి పరీక్షల ముందు బడి ఎగ్గొట్టి క్రికెట్‌కు పోయాడు. సాయంత్రం నేను బెల్టు తీశాను. మీటింగుల్లో మైత్రి, కరుణ అని మాట్లాడే మనిషిని. రాత్రి మా ఆవిడ మాట్లాడలేదు. నేనే ఉండబట్టలేక "రెండే కొట్టాను గదా" అన్నాను. ఆమె ఇటు తిరగకుండానే "ఆ లెక్క నాకెందుకు? వాడికి చెప్పు" అంది.

రెండే. మా తాత నోటి మాట అది. దొర గురించి చెప్పిన మాట. నా నోట్లోంచి వచ్చింది.

పొద్దున్నే వాడి దగ్గర కూర్చున్నాను. తప్పయిందన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే నాన్నా" అన్నాడు. ఆ బెల్టు నడుముకే ఉంది, మళ్ళీ చేతికి రాలేదు. కానీ వాడు ఆ సాయంత్రాన్ని మర్చిపోయాడని నేననుకోను. నాకూ మర్చిపోవాలని లేదు.

కాబట్టి, ఆ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇది. ఏడో దెబ్బకు శిక్ష వెయ్యడం మంచిదే, దాన్ని వ్యతిరేకించొద్దు. కానీ ఆరు దెబ్బలకు అది ఇచ్చే అనుమతిని కరుణ అనుకోవద్దు. నియమం చెయ్యిని కొంత ఆపుతుంది. ఆ చెయ్యి ఎందుకు లేస్తోందో చూసుకోవడం శీలం.

ఈ వారం ఇంట్లో ఒక పని చెయ్యండి. బెల్టో, బెత్తమో, కర్రో, పరుషమైన మాటో, మీ చేతిలో ఉండే కొరడా ఏదో వెతకండి. ఎవరి మీద లేస్తోందో చూడండి. భార్య మీదా, బిడ్డ మీదా, ఎద్దు మీదా, బస్తీలో మీకంటే చిన్న కులం అనుకునేవాడి మీదా? దొరికాక లెక్క తగ్గించుకుంటానని అనుకోకండి. కింద పెట్టండి. వచ్చే ఆదివారం విహారంలో ఎట్లా కింద పెట్టారో మాట్లాడుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.