పాదాలకు ఆనిక

పొట్టివాళ్లకు విమానం సీటులో అసలు కష్టమంతా మడమల దగ్గరే. నా పాదాలు నేలకు సరిగ్గా ఆనవు. సీటు అంచు తొడల కింద ఒత్తుకుని, గంటలు గడిచేసరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి ఈసారి ప్రీమియం ఎకానమీ టికెట్ తీసింది. సీటు అంచు నుంచి పైకి లేచే లెగ్ రెస్ట్ పిక్కలను మోసింది గానీ పాదాలు గాలిలోనే వేలాడాయి. ముందు సీటు కింద నుంచి దించుకునే ఫుట్ రెస్టే నాకు నేలయింది. పొడుగు మనిషికి మాత్రం అది అడ్డమే, మోకాళ్లు పైకి లేస్తాయి.

ఆ రాత్రి నాకు సోణుడు గుర్తొచ్చాడు. వినయపిటకంలో మహావగ్గ చెప్పే కథ. చంపానగరపు శ్రీమంతుల బిడ్డ, మహా సుకుమారమైన పాదాలు. భిక్షువై, నడుస్తూ ధ్యానం చేసీ చేసీ అరికాళ్లు చిట్లి, నడిచిన దారంతా నెత్తురైంది. బుద్ధుడు వీణ తీగల ఉపమానం చెప్పి, ఒంటి పొర చెప్పులు తొడుక్కోమన్నాడు. వీణ సంగతి చాలామందికి తెలుసు. నన్ను పట్టుకున్నది తర్వాతి ముక్క: సంఘమంతటికీ అనుమతిస్తేనే తొడుక్కుంటానన్నాడు సోణుడు. బుద్ధుడు అందరికీ అనుమతించాడు.

దేహానికి ఊతమిస్తే వైరాగ్యం చెడదని నా నమ్మకం. తిమ్మిరెక్కిన కాళ్లతో జపమైనా నిలవదు. కానీ తెర వెనక మామూలు ఎకానమీలో నా ఈడు ఆడవాళ్లు చేతిసంచుల మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. విమాన సంస్థలవారూ, వెడల్పు సీటుకూ మంచి భోజనానికీ ఎక్కువ తీసుకోండి. పాదాలు ఆనించుకునే ఆ చిన్న పలక మాత్రం ప్రతి సీటుకూ పెట్టండి.