గుల్లల సాక్ష్యము

ధ్యానమునకు: లేవీయకాండము 4:27, 28, 5:17, యెహెజ్కేలు 34:17-19

తెలియక చేసిన కీడునకు మనుష్యుడు ఉత్తరవాది యగునా? ఈ ప్రశ్న సంఘములో తరచుగా వినబడుచుండును. "నాకు తెలియదయ్యగారూ, తెలిసియుంటే చేయుదునా?" అని చెప్పి నిశ్చింతగా ఇంటికి పోవువారు అనేకులు. అయితే మోషే ధర్మశాస్త్రము ఆ మాటతో మనలను పోనియ్యదు. లేవీయకాండము నాలుగవ, అయిదవ అధ్యాయములను నిదానముగా చదివినయెడల, పొరబాటున చేసిన దానికి సహితము దోషమున్నదనియు, ఆ సంగతి తనకు తెలియవచ్చినప్పుడు ఆ మనుష్యుడు అర్పణము తీసికొని రావలెననియు కనబడును. తెలియని దినములలో ఋణము లేదని కాదు. తెలిసిన దినమున ఆ ఋణము తీర్చుటకు బయలుదేరవలెనని దాని భావము.

ఈ వాక్యమును ఒక శాస్త్రజ్ఞుని పనితో కలిపి ఈ నెల ధ్యానింతము. వేసవిలో మన చెరువులు ఎండినప్పుడు అడుగున నత్తగుల్లలు తెల్లగా బయటపడుట మనమెల్లరము చూచుచుందుము. చచ్చిన గుల్లకు సున్నము కాల్చుట తప్ప వేరొక ప్రయోజనము లేదని మన తలంపు. అమెరికా దేశములో అరిజోనా విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము బోధించిన కార్ల్ ఫ్లెసా అను ఆయన ఆ చచ్చిన గుల్లలనే సాక్షులుగా పిలిచెను. రాకీ పర్వతములలో పుట్టి, మెక్సికో దేశమున కాలిఫోర్నియా సింధుశాఖలో కలియు కొలరాడో నది యొక్క డెల్టాలో ఆయనయు ఆయన తోటివారును ఏండ్ల తరబడి పని చేసిరి. అక్కడ తీరములును, చిన్న చిన్న లంకలును ఆలుచిప్పల కుప్పలతోనే ఏర్పడియున్నవి. 2000 సంవత్సరములో వారు ప్రకటించిన లెక్క చొప్పున, గడచిన వేయి సంవత్సరములలో బ్రదికి చచ్చిన జీవుల చిప్పలు అక్కడ రెండు లక్షల కోట్లకు తక్కువ కావు. పూర్వము ఒక చదరపు మీటరు నేలలో అధమపక్షము 50 జీవులుండగా, వారు చూచిన దినములలో 3 మాత్రమే యుండెను.

కారణమేమి? 1935లో ప్రతిష్ఠింపబడిన హూవర్ ఆనకట్టయు, దాని తరువాత కట్టబడిన ఇతర ఆనకట్టలును, కాలువలును నది నీటిని పొలములకును పట్టణములకును మళ్లించెను. నది సముద్రము చేరుట క్రమక్రమముగా మానెను. చిప్పలలోని జీవి తన చుట్టునున్న నీటిలోనుండియే తన గుల్లను పొర వెంబడి పొరగా కట్టుకొనును. నది నీటికిని సముద్రపు నీటికిని ప్రాణవాయువు యొక్క బరువులో సూక్ష్మమైన భేదమున్నది. ఆ భేదము గుల్లలో నిలిచిపోవును. పాత గుల్లలను పరీక్షింపగా, ఒకప్పుడు ఆ జీవులు నది తెచ్చిన మంచినీరు కలిసిన చోట పెరిగినవని తేలెను. వ్రాయువాడు లేకపోయినను వ్రాత మిగిలెను.

ఇట్టి పనికి సంరక్షణ పురాజీవశాస్త్రమని పేరు. మునుపు ఏమి యుండెనో చచ్చినవాటి వలన తెలిసికొని, ఇప్పుడు బ్రదుకుచున్నవాటిని కాపాడు మార్గము వెదకుట దీని ఉద్దేశము. ఇదే త్రోవలో సూజన్ కిడ్వెల్, ఆడమ్ టొమాషోవిచ్ అను ఇద్దరు 2017లో మరియొక సంగతి వెల్లడి చేసిరి. లాస్ ఏంజిలెస్ తీరమున సముద్రపు అడుగున వేలాది ఏండ్లు నివసించిన ఒక జాతి గుల్లజీవులు పందొమ్మిదవ శతాబ్దములో తరిగిపోయి, పిమ్మట ఆ చోట లేకుండ పోయినవి. మెట్టనేలపై పశువులను విచ్చలవిడిగా మేపుటచేత కొట్టుకొని వచ్చిన మన్ను వాటిని కప్పివేసెనని వారి నిర్ణయము. అక్కడ పశువులను తోలుకొనిన కాపరికి సముద్రముతో ఏమి పని? అతడు ఆ జీవిని కన్నులార చూచియుండడు. అయినను అతని మంద త్రొక్కిన నేల సముద్రగర్భమునకు సమాధియైనది.

ఆ నష్టమునకు ఎవరును దుఃఖింపకుండుటకు కారణము మరపే. 1995లో డేనియల్ పాలీ అను మత్స్యశాస్త్రజ్ఞుడు చెప్పినదేమనగా, ప్రతి తరమువారును తమ యౌవనమున చూచినదే సృష్టి యొక్క పూర్ణస్థితి అని యెంచుదురు. కనుక తండ్రులు పోగొట్టినది కుమారుల లెక్కలోనికి రాదు. న్యాయాధిపతుల గ్రంథము రెండవ అధ్యాయములో యెహోవా చేసిన కార్యములను ఎరుగని వేరొక తరము పుట్టెనని చదువుచున్నాము. ఇశ్రాయేలీయుల పతనము అక్కడనే మొదలాయెను. మరపును మనము నిర్దోషత్వమని పిలువరాదు.

ఇప్పుడు మన నదికి వత్తము. కృష్ణ పాత మహబూబునగరు జిల్లా పడమటి అంచున తెలంగాణములో ప్రవేశించి, నల్లగొండ దక్షిణపు పొలిమేర వెంబడి ప్రవహించి, హంసలదీవి ప్రాంతమున సముద్రములో కలియును. నందికొండ వద్ద 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. ఈ నీరు మనకు సామాన్యమైన ఈవి కాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో బోరునీటిలోని ఫ్లోరైడు ఎన్ని ఎముకలను వంచినదో మన సంఘములకు చెప్పనక్కరలేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన బిడ్డ ఆ నీటి చరిత్రను తన పండ్లలోను మోకాళ్లలోను మోయును. గుల్ల వలెనే మన ఎముకయు త్రాగిన నీటికి సాక్షి. కృష్ణ నీరు కుళాయిలలో వచ్చిన పిమ్మట ఎదుగు బిడ్డలకు ఆ భయము తగ్గినది. కాబట్టి ఆనకట్ట పాపమని చెప్పువాడు నల్లగొండ ఎరుగనివాడు.

అయినను ఆ నదికి మరియొక కొస యున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన కె. నాగేశ్వరరావు, బి. హేమమాలిని మొదలగు పండితులు పటములను, ఉపగ్రహ చిత్రములను పోల్చి 2010లో ప్రకటించిన దానిని బట్టి, కృష్ణ మోసుకొనిపోవు ఒండ్రు 1966-69 నాటికి సాలుకు 90 లక్షల టన్నులుండగా, 2000-2005 నాటికి సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయెను. ఒండ్రు రాని డెల్టాను సముద్రము కోసివేయును. 1965 నుండి 2008 వరకు కృష్ణా గోదావరి డెల్టాల తీరమున నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల పోయినది. లాస్ ఏంజిలెస్ వద్ద మన్ను ఎక్కువై నష్టము. మన యొద్ద మన్ను తక్కువై నష్టము. 1977 నవంబరు 19న ఉప్పెనకు వేలాది ప్రాణములను కోల్పోయిన దివిసీమ ఆ తీరముననే యున్నది. అక్కడను మన సహోదరులున్నారు, అక్కడను ప్రార్థన మందిరములున్నవి. వారికిని సముద్రమునకును నడుమ నిలుచునవి ఆ మడ అడవులును ఆ ఒండ్రునేలయునే.

అయితే మన నోట ఒక మాట నలిగిపోయినది: "నీరంతయు సముద్రములోనికి వృథాగా పోవుచున్నది." ఈ వృథా అను మాటను దేవుని సన్నిధిని పరీక్షింపవలెను. బేతనియలో ఒక స్త్రీ అచ్చ జటామాంసి అత్తరు ప్రభువు తలమీద పోసినప్పుడు చూచినవారు అది నష్టమనిరి. వారి లెక్కలో బీదల పేరు కూడ నుండెను. అయినను ఆ లెక్క తప్పని ప్రభువు వారికి తెలియజేసెను. మనకు ఉపయోగపడనిదంతయు వృథా అను లెక్క సృష్టికర్త లెక్క కాదు. నూట నాలుగవ కీర్తన సముద్రములోని లెక్కలేని చిన్న పెద్ద జీవులన్నియు తగిన కాలమున ఆయన యొద్దనే ఆహారము కనిపెట్టునని సాక్ష్యమిచ్చుచున్నది. నది వాటికి ఆయన వడ్డించు విస్తరి.

యెహెజ్కేలు ముప్పది నాలుగవ అధ్యాయములో ప్రభువు బలిసిన గొఱ్ఱెలను గద్దించుట చూడుడి. తేట నీరు త్రాగినందుకు ఆయన వాటిని నిందింపలేదు. త్రాగి మిగిలినదానిని కాళ్లతో కలచి, క్రింద నున్నవాటికి ఆ మురికియే మిగిల్చినందుకు నిందించెను. ఎగువ నున్నవాని దాహము పాపము కాదు; దిగువ నున్నవానిని లెక్కలో ఉంచకపోవుటే పాపము. నాగార్జునకొండ లోయ మునుగుటకు ముందు 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, ప్రాచీన కట్టడములను భద్రపరచిరి. మునుగబోవు వాటిని లెక్కించి కాపాడుట మనకు చేతగాని పని కాదు.

కొలరాడో కథ అంతటితో ముగియలేదు. 2012లో అమెరికా, మెక్సికో దేశములు చేసికొన్న ఒప్పందము చొప్పున 2014 మార్చి నుండి మే వరకు సుమారు 13 కోట్ల ఘనపు మీటర్ల నీటిని ఆ ఎండిన డెల్టాలోనికి విడిచిరి. నది తిరిగి సముద్రపు పోటును ముట్టెను. తమ ఊరి నదిలో నీరెన్నడును చూడని పిల్లలు అందులో ఆడుకొనిరి, గట్టున చెట్లు మొలిచెను, పక్షులు అధికమాయెను. ఆ పనిని పరిశీలించిన శాస్త్రజ్ఞుల ముఖ్యులలో గుల్లలను లెక్కించిన ఫ్లెసాయు ఒకడు. పూర్వపు చిప్పజీవులన్నియు తిరిగి రాలేదు. అయినను తెలియవచ్చిన దినమున ఒక అర్పణము తేబడెను.

మన అర్పణమేది? నాగార్జునసాగరము కాలువ క్రింద సేద్యము చేయువారు మడికి వలసినంతనే పారించి, తూము మూయవలసిన వేళ మూయుదురు గాక. పురుగుమందు డబ్బాలను వాగులో కడుగకుందురు గాక. నీటి పంపకమును గూర్చి గ్రామములో మాట వచ్చినప్పుడు విశ్వాసి నదీముఖమునకును ఒక వంతు కలదని చెప్ప సిగ్గుపడకుండును గాక. ఆదివారపు బడిలో పిల్లలకు ఈ నీరు ఎక్కడ పుట్టి ఎక్కడ ముగియునో నేర్పుదము. మన సంఘ ప్రార్థనలలో వానకొరకు వేడుకొనునప్పుడు దివిసీమ సంఘములను పేరుపెట్టి తలంచుదము.

పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డల ఎముకలకు బలమిచ్చిన నీటికొరకు నీకు స్తోత్రము. మేము చూడని వారిని, మేము ఎరుగని నీ జీవులను మా లెక్కలో చేర్చుకొను హృదయము మాకు దయచేయుము. ఆమేన్.