విల్లుకు మొక్కినవారు చేతిని ఎందుకు వెలివేశారు?



ఉపాసకులారా, ఉపాసికలారా! ఏదైనా విన్నంత మాత్రాన నమ్మక, పరిశీలించి చూడమని బుద్ధ భగవానుడు కాలాములకు చెప్పాడు. రండి, ఒక విల్లును పరిశీలిద్దాం.

కొరియా దేశపు కొమ్ము విల్లును గాక్‌గుంగ్ అంటారు. నడుమ వెదురు, కొసలకు మల్బరీ కర్ర. విలుకాడి వైపు దున్నపోతు కొమ్మును పలచగా చీరి అంటిస్తారు. బయటి వైపు ఎద్దు నరాలు. ఆ నరాలను ఎండబెట్టి, దంచి, పీచు తీసి, దువ్వి, చేప తిత్తి జిగురుతో పొరలు పొరలుగా పరుస్తారు. తేమ తగిలితే జిగురు వదులుతుంది. అందుకే చలికాలం, పొడి గాలి చూసుకుని చేస్తారు.

విల్లు వంచితే లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. నొక్కుడును కొమ్ము ఓర్చుకుంటుంది. సాగుడును నరం ఓర్చుకుంటుంది. ఒకదాని పని ఇంకొకటి చెయ్యలేదు. ఇందులో పై కులం ఏది, కింది కులం ఏది? ఏదీ తనంతట తాను నిలవదన్న ధమ్మం ఇక్కడ కంటికే కనబడుతుంది.

ఇప్పుడు అసలు మాట. ఆ కొమ్మూ, నరమూ చచ్చిన పశువువే గదా! అవి రాజు చేతికెక్కితే గౌరవం. పశువును కోసి, తోలు ఒలిచే జనాన్ని మాత్రం అదే దేశంలో బెక్‌జోంగ్ అని వెలివేశారు. 1894లో చట్టం ఆ భేదాన్ని రద్దు చేసింది. అయినా వాళ్ల పిల్లల్ని బడిలోకి రానివ్వలేదు. 1923లో జింజు పట్టణంలో వాళ్లు హ్యోంగ్‌ప్యోంగ్ అనే ఉద్యమం లేవదీశారు. త్రాసులా సమంగా ఉండాలని ఆ పేరుకు భావం. మాంసం తూచిన చేతులే మనుషుల్నీ సమంగా తూచమని అడిగాయి.

మన మాదిగ గూడేల్లో జరిగిందేమిటి? తోలు మోటతో తోడిన నీళ్లతో ఊరి పొలం పండింది. ఆ తోలు పదును చేసిన చెయ్యి బావిని తాకితే మైల అన్నారు! అంటరానితనం వృత్తిలోంచి పుట్టలేదని బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో వాదించారు. మైల పనిలో లేదు, చూసేవాడి మనసులో ఉంది.

విల్లు ప్రాణం తీసే ఆయుధం. పంచశీల పట్టిన మనం దానికి మొక్కం. దాన్ని చేసిన చేతిని గౌరవిస్తాం. మీ తాత ఏం పని చేశాడని పిల్లలు అడిగితే తల దించకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అదే పనిలో ఉండమని కాదు. బడికి పంపండి, నచ్చిన పని ఎంచుకోనివ్వండి. మనలోనే ఒకరినొకరు ఎక్కువ తక్కువ చూసుకునే అలవాటు ఉంటే, ముందు మన ఇంటి త్రాసు సరిచేద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!